కారు టైర్లకు గాలి ఎంత పెట్టించాలి? టైరు మీద 51 పీఎస్‌ఐ అని ఉంది, అంతే కొట్టించాలా?

వద్దండీ. టైరు పక్కన అచ్చయినది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. మీ కారుకు కావలసిన లెక్క డ్రైవరు డోరు తెరిస్తే ఆ పక్క స్తంభం మీద స్టిక్కరులో ఉంటుంది, కొన్ని కార్లకు పెట్రోలు మూత లోపల. ముందు, వెనుక వేరువేరుగా ఉండొచ్చు, నిండు లోడుకు ఇంకో అంకె ఉంటుంది. పర్లాకిమిడి నుంచి అయిదుగురం, డిక్కీ నిండా సామానుతో రాయగడ మీదుగా కోరాపుట్ ఘాట్ ఎక్కేటప్పుడు నేను చూసేది ఆ రెండో అంకెనే.

అసలు తప్పు జరిగేది వేడి దగ్గర. స్టిక్కరు అంకె చల్లటి టైరుకి, అంటే కనీసం మూడు గంటలు ఆగిన బండికి. బరంపురం దాకా ఎండలో తోలి బంకులో చూపిస్తే మీటరు నాలుగైదు ఎక్కువే చూపిస్తుంది. కుర్రాడు "ఎక్కువుంది బాబూ" అని తీసేయబోతాడు, తీయనివ్వకండి. చల్లారాక తక్కువైపోతుంది. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది కాబట్టి కోరాపుట్ చలికాలంలో తెల్లవారుజామునే చూసుకోవాలి. స్టెప్నీ కూడానూ, దాన్ని అందరూ మరిచిపోతారు.