ఆడగలవా అని అడగకు

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు లాస్ వేగస్ ఏసెస్ టీమ్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "అథ్లెటిక్ ట్రైనర్ అంటే ఏం చేస్తారక్కా, కసరత్తులు చేయిస్తారా?" అని అడిగింది. ఆడేవాళ్ళ ఒంటికి కాపలా కాసే ఉద్యోగమే అది అని చెప్పాను. ఆ మాట చెబుతుంటే నాకు గర్వంతో గొంతు పూడుకుపోయింది. మన ఇంట్లో ఒక ఆడపిల్ల బాస్కెట్‌బాల్ కోర్టు దాకా వెళ్ళి, అక్కడ జీతం తీసుకోవడం నా కళ్ళతో చూస్తానని అనుకోలేదు.

మీ అమ్మకి వేగస్ అనే పేరు వింటేనే దడ. దాని సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఉండేది ఆ దీపాల వీధిలో కాదనీ, వాళ్ళ ప్రాక్టీస్ హెండర్సన్‌లో అనీ చెప్పాను. కేవలం ఒక డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ కోసమే కట్టిన మొదటి భవనం అదే, 2023లో తెరిచారు. నా టెన్షన్ ఊరి గురించి కాదు. నువ్వు చేరేది 2025 కప్పు గెలిచిన టీమ్. ఈ ఏడాది దాన్ని నిలబెట్టుకోవాలి. హ్యూస్టన్‌లో ఇన్నేళ్ళు ఫిజియోథెరపిస్టుగా జనం మోకాళ్ళు పట్టుకుని బతికినదాన్ని, ఆ నిలబెట్టుకునే ఏడాది ఒంటి మీద ఎంత బరువు పడుతుందో నాకు తెలుసు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నెవాడా లైసెన్సు కాగితాలు చేరకముందే పూర్తిచేసుకో. నీ పేరు మీద విడిగా ఇన్సూరెన్సు తీసుకో. ఎడారి ఊరు, నీళ్ళు తాగు.

ఇంకొకటి, ఇది తిట్టే అనుకో. నువ్వు పంపిన మెసేజ్‌లో మొట్టమొదట రాసింది, కప్పు గెలిచినవాళ్ళకి ఉంగరాలు ఇచ్చే రోజు నేనూ కోర్టు మీదే ఉంటా పెద్దమ్మా అని. ఉంటావు. కానీ ఆ ఉంగరం నీది కాదు తల్లీ. పోయినేడు ఆగస్టు 2న ఆ టీమ్ సొంత కోర్టులో మిన్నెసోటా చేతిలో 111-58తో ఓడింది. 53 పాయింట్ల తేడా! ఆ రాత్రి తలొంచుకుని లోపలికి వెళ్ళినవాళ్ళే, ఆ తర్వాత లీగ్‌లో మిగిలిన 16 ఆటలూ వరసగా గెలిచి, ఫైనల్స్‌లో ఫీనిక్స్‌ని 4-0తో ఊడ్చేశారు. ఆ ఉంగరం ఆ అవమానం మోసినవాళ్ళది. నువ్వు పక్కన నిలబడి చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టు, ఫోటోల్లో దూరకు. కొత్తగా వచ్చిన పిల్ల తన చోటు తెలుసుకుని నిలబడితే ఆ అమ్మాయిలు రెండో వారానికే నిన్ను నమ్ముతారు. వాళ్ళు నమ్మకపోతే నీ చదువంతా దండగ.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ లీగ్‌లో కప్పు గెలవడం కన్నా నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చూడు. మా హ్యూస్టన్ కామెట్స్ 1997 నుంచి 2000 దాకా నాలుగూ గెలిచారు. లాస్ ఏంజిలస్ 2001, 2002 గెలిచింది. ఆ తర్వాత వరసగా రెండేళ్ళు గెలిచిన టీమ్ మళ్ళీ మీ ఏసెస్సే, 2022, 2023. మధ్యలో ఇరవై ఏళ్ళు ఎవరి వల్లా కాలేదు. మిన్నెసోటా 2011, 2013, 2015, 2017ల్లో గెలిచింది, అంత గొప్ప టీమ్ కూడా వరసగా రెండు కొట్టలేకపోయింది. 2016లో చివరి ఆట ఒక్క పాయింటుతో పోయింది, 77-76.

అందరూ ఏమంటారంటే, గెలిచినవాళ్ళ మీదికి ప్రతి టీమూ కసిగా వస్తుంది అంటారు. నిజమే కావచ్చు. నాకు కనిపించేది వేరు. గెలిచిన టీమ్ అందరికన్నా ఎక్కువ రోజులు ఆడుతుంది, అందరికన్నా తక్కువ రోజులు విశ్రాంతి తీసుకుంటుంది. మీ టీమ్ చెల్సీ గ్రేనే చూడు. 2023 ఫైనల్స్‌లో పాదానికి దెబ్బ తగిలింది. కప్పు వచ్చింది, ఊరేగింపు అయింది, కానీ 2024 సీజన్లో మొదటి 12 ఆటలు ఆమె ఆడలేకపోయింది. ఆ ఏడాది సెమీస్‌లోనే న్యూయార్క్ చేతిలో ఓడారు. కప్పు ఎత్తిన వారంలో తగిలిన దెబ్బే మరుసటి వేసవిలో లెక్కకి వచ్చింది. సియాటిల్ 2018లో గెలిచింది. ఆ చలికాలం వాళ్ళ బ్రియానా స్టూవర్ట్ యూరప్‌లో ఆడుతూ, 2019 ఏప్రిల్‌లో ఫైనల్ రోజున మడమ పైన అకిలిస్ స్నాయువు తెంచుకుంది. మోకాలి ఆపరేషన్ వల్ల సూ బర్డ్ కూడా ఆ సీజనంతా ఆడలేదు. ఆ ఇద్దరూ లేకుండా కప్పు ఎక్కడ నిలుస్తుంది?

అందుకే ఫీనిక్స్ టీమ్ డయానా టౌరాసీ 2015లో ఆడనని చెప్పినప్పుడు ఇక్కడ చాలామంది విసుక్కున్నా నేను విసుక్కోలేదు. ఫీనిక్స్ అంతకుముందు ఏడాదే గెలిచింది. అప్పట్లో ఇక్కడ ఆమె జీతం లక్ష డాలర్లకి కాస్త అటూ ఇటూ. రష్యాలో ఆమె ఆడే టీమ్ దానికి ఎన్నో రెట్లు ఇచ్చి, వేసవిలో విశ్రాంతి తీసుకోమంది. ఒళ్ళు ఆమెది, ఏడాది పొడవునా ఆడీ ఆడీ అలిసిన ఒళ్ళు.

పోయినేడు న్యూయార్క్ సంగతి నువ్వే చూశావు. కప్పు చేతిలో పెట్టుకుని వరసగా తొమ్మిది గెలిచి మొదలుపెట్టారు. తర్వాత జాంక్వెల్ జోన్స్ చీలమండ, సియాటిల్ నుంచి అక్కడికి మారిన స్టూవర్ట్ మోకాలు, ఒకరి తర్వాత ఒకరు. 27 గెలుపులు, 17 ఓటములతో ముగించి మొదటి రౌండులోనే ఇంటికి వెళ్ళారు. స్టూవర్ట్ బెణికిన మోకాలితోనే మూడో ఆటలో 30 పాయింట్లు వేసింది. అయినా ఓడారు. టీవీలో అందరూ ఆమె తెగువని మెచ్చుకుంటుంటే నేను మాత్రం ఆమె కాలు నేల మీద ఎలా పెడుతోందో చూస్తూ కూర్చున్నాను. అది నా జబ్బు. ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

గుంటూరులో మా కాలేజీ టీమ్ ఉండేది. సిమెంటు కోర్టు, కాన్వాస్ బూట్లు. స్కర్టులు వేసుకుని పరిగెడతారు అని గోడ మీద కూర్చుని మగపిల్లలు అరిచేవాళ్ళు. ఒక ఏడాది కాలేజీల మధ్య పోటీల్లో కప్పు మాకే వచ్చింది. మరుసటి ఏడాది పోటీలు మా కాలేజీలోనే పెట్టారు. షామియానా వేశారు, మైకు పెట్టారు, ప్రిన్సిపాల్ గారి పక్కన ముఖ్య అతిథి. ఫైనల్‌కి ముందురోజు మా కెప్టెన్ అక్క ఎగిరి దిగుతూ ఎవరి పాదం మీదో దిగింది. మోకాలు తిరిగింది. తెల్లారేసరికి చిప్ప ఎక్కడుందో తెలియనంత వాపు.

పొద్దున్న మా ఆటల మాస్టారు పీడీ గారు వచ్చారు. మేమంతా చుట్టూ ఉన్నాం, కప్పు బల్ల మీద ఉంది. "ఏమ్మా, ఆడగలవా?" అని అడిగారు. అక్క "ఆడతాను సార్" అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఎలా నిలబడిందో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. బరువంతా ఎడమ కాలి మీద. కుడి మడమ నేలకి తగలడం లేదు, వేళ్ళ మీద ఊరికే ఆనించింది. కిందకి చూస్తే చాలు, చిన్నపిల్లకైనా తెలుస్తుంది. పీడీ గారు ఆమె మొహం చూశారు. మొహంలో ధైర్యం ఉంది. ఐయోడెక్స్ రాసి, పిక్క రంగు మారేంత బిగువుగా క్రేప్ బ్యాండేజీ చుట్టారు. రెండో సగంలో, పక్కన ఎవరూ లేరు, ఎవరూ తోయలేదు, రీబౌండ్ కోసం, అంటే గురి తప్పి వెనక్కొచ్చిన బంతి కోసం, ఎగిరి దిగింది, మోకాలు లోపలికి మడత పడింది. ఆమె అరుపు మైకులో కామెంటరీని దాటి వినిపించింది.

కప్పు పోయింది, దాని గురించి ఎవరికీ గుర్తు లేదు. అక్క మోకాలు మాత్రం మళ్ళీ పూర్తిగా మడత పడలేదు. పెళ్ళి పీటల మీద కాలు చాపుకునే కూర్చుంది. చాపిన కాలు మీద పట్టుచీర కప్పి ఉంచమని మగపెళ్ళివారి తరఫు పెద్దావిడ చెప్పింది. నేను పక్కనే ఉండి ఆ చీర సర్దుతూనే ఉన్నాను, జారుతూనే ఉంది.

పీడీ గారు చెడ్డవాడు కాదు. మమ్మల్ని సొంత కూతుళ్ళలా చూసుకున్నాడు, బస్సు చార్జీలు జేబులోంచి పెట్టాడు. ఆయన చేసిన తప్పు ఆ ప్రశ్న. కప్పు ముందు, జట్టు ముందు, "ఆడగలవా" అని అడిగితే ఏ ఆటగత్తె అయినా ఏం చెబుతుంది? ఆ ప్రశ్నకి ఒక్కటే జవాబు ఉంటుంది. ఆ జవాబు పట్టుకుని బరిలోకి దింపితే, నిర్ణయం ఆమె మీదికి తోసేసి మనం చేతులు దులుపుకున్నట్టే.

కాబట్టి బుజ్జీ, నువ్వు ఎవరినీ ఆ ప్రశ్న అడగకు. గదిలోకి తీసుకెళ్ళు, తలుపు వెయ్యి. మెట్లు దిగమను. ఎక్కేటప్పుడు ఎవరైనా దాచగలరు, దిగేటప్పుడు దాచలేరు. ఒంటి కాలి మీద గెంతమను, బాగున్న కాలితో ముందు, తర్వాత రెండోది, రెండింటి తేడా చూడు. మిషన్లు నీకు చాలా ఇస్తారు, అవీ వాడు. కానీ బస్సు దిగేటప్పుడు ఎవరు రైలింగ్ పట్టుకుంటున్నారో, ఎవరు బూటు లేసు ఒక వైపు మాత్రమే వదులుగా కట్టుకుంటున్నారో చూడటానికి నీ కళ్ళే కావాలి. విమానంలో కాస్త కష్టం తగ్గింది, 2024 నుంచి టీములన్నిటికీ ప్రత్యేక విమానాలు ఇచ్చారు. ఆరున్నర అడుగుల పిల్లలు మామూలు సీట్లలో మోకాళ్ళు గడ్డానికి తగిలించుకుని తిరిగిన రోజులు నేను చూశాను.

ఇవాళ వద్దు అని నువ్వు చెప్పాల్సిన రోజు వస్తుంది. పెద్ద ఆట రోజే వస్తుంది. గొంతు వణికినా చెప్పు. కోచ్‌కి సూటిగా, తక్కువ మాటల్లో, కారణంతో చెప్పు. పెద్ద పేరు లేకపోతే ఆట పోతుందని నీకు అనిపిస్తే 2023 ఫైనల్స్ నాలుగో ఆట గుర్తు చేసుకో. మీ టీమే. న్యూయార్క్ మీద, వాళ్ళ బ్రూక్లిన్‌లో. గ్రే లేదు, కియా స్టోక్స్ లేదు, క్యాండేస్ పార్కర్ జూలై నుంచే లేదు. బెంచి మీంచి లేచి సిడ్నీ కోల్సన్ ఆడింది, మా హ్యూస్టన్ పిల్ల. ఎజా విల్సన్ 24 పాయింట్లు, 16 రీబౌండ్లు. 70-69. గెలిచారు. ఆడలేనివాళ్ళని కూర్చోబెట్టి మరీ గెలిచారు.

ఇంకో సంగతి, నొప్పి అంతా ఒంట్లోనే ఉండదు. 1999లో కామెట్స్ మూడో కప్పు కోసం ఆడుతున్న వేసవిలో ఆట నడిపించే పాయింట్ గార్డ్ కిమ్ పెరో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆగస్టు 19న చనిపోయింది. మాలాంటి చిన్న ఎత్తు వాళ్ళందరికీ ఆ పిల్ల అంటే ప్రాణం. అదే ఏడాది కామెట్స్‌లోనే ఆడే సింథియా కూపర్ వాళ్ళ అమ్మ కూడా పోయింది. ఆ అమ్మాయిలు ఏడుస్తూనే ఆడారు. నేను అప్పుడు మీ పెద్దనాన్నతో కాంపాక్ సెంటర్‌లో ఉన్నాను. ఫైనల్స్ రెండో ఆటలో 2.4 సెకన్లు ఉన్నాయి, మేమే గెలిచాం అనుకుని పైనుంచి రంగు కాగితాలు కూడా వదిలారు. న్యూయార్క్ టెరెసా వెదర్‌స్పూన్ సగం కోర్టు నుంచి విసిరింది, పడింది. 68-67. పదహారు వేల మంది నోరు తెరుచుకుని ఉండిపోయాం. ఆ అవతలి టీమ్‌లో మీ కోచ్ బెకీ హామన్ ఉంది, ఆమెకి అది మొదటి ఏడాది.

మర్నాడే మళ్ళీ ఆట. కామెట్స్ 59-47తో గెలిచారు. ఆ మధ్య రాత్రి గురించి నేను ఎన్నోసార్లు ఆలోచించాను. ఎవరో వాళ్ళకి మంచు పెట్టి ఉంటారు, ఎవరో తినిపించి ఉంటారు, ఎవరో దీపాలు ఆర్పి పడుకోమని గదమాయించి ఉంటారు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. నీ ఉద్యోగం అదే. అలాంటి రాత్రి ఒకటి నీకూ వస్తే, మాట్లాడటం తగ్గించి చేతులతో పని చెయ్యి. ఎవరైనా బల్ల మీద పడుకుని ఏడిస్తే ఏడవనివ్వు, టేపు చుట్టడం ఆపకు.

నీ బొటనవేళ్ళు జాగ్రత్త. రోజంతా టేపు చింపి, కండలు నొక్కి, నాకు ఇప్పుడు పచ్చడి సీసా మూత రావడం లేదు. మోచేయి వాడు, ఒంటి బరువు వాడు, రాత్రి వేడినీళ్ళలో చేతులు పెట్టు.

ఫోన్ చేసినప్పుడు నేను నిన్ను బాగున్నావా అని అడగను. నువ్వు బాగున్నానే అంటావు, నీ సంగతి నాకు తెలియదా. పదో తరగతిలో చెయ్యి విరిగినా సాయంత్రం దాకా చెప్పని పిల్లవి. రాత్రి ఏం తిన్నావు, ఎన్నింటికి పడుకున్నావు, అని అడుగుతాను. తడుముకోకుండా చెప్పాలి. తడుముకుంటే టికెట్ కొనుక్కుని వచ్చేస్తాను.

షెడ్యూల్ రాగానే డాలస్‌తో ఆట వాళ్ళ ఊళ్ళో ఎప్పుడో చెప్పు. ఇక్కణ్ణుంచి కారులో నాలుగు గంటలు, మీ పెద్దనాన్న ఇప్పుడే టైర్లు చూయించుకొస్తానంటున్నారు. కందిపొడి, సున్నుండలు తెస్తాను. ఆట అయ్యేదాకా మా వైపు చూడకు, చెయ్యి ఊపకు. పిల్లల కాళ్ళ వైపు చూడు.

ప్రేమతో,
పెద్దమ్మ