చుక్క పెట్టేముందు

తమ్ముడికి,

నువ్వు పైథాన్‌లో రాసి పంపిన ‘పాట’ క్లాసు కోడు పూర్తిగా చదివాను. పేరు, గాయకుడు, నిడివి. ఈ మూడింటికీ ఆరు మెథడ్లు రాశావు, ఒక్కోదానికి విలువ చదివే గెట్ ఒకటి, విలువ మార్చే సెట్ ఒకటి. జావా నుంచి వచ్చినవాళ్ళకు అది అలవాటు. అక్కడ ఫీల్డును, అంటే లోపల దాచిన విలువను, నేరుగా బయటపెట్టి, తర్వాత మెథడ్‌గా మార్చాల్సొస్తే దాన్ని వాడుకున్న కోడంతా తిరగరాయాలి. అందుకే ముందుజాగ్రత్తగా రాసి పెట్టుకుంటారు.

పైథాన్‌లో ఆ టెన్షన్ అక్కర్లేదు. 2.2 వెర్షన్ నుంచీ మనకు ప్రాపర్టీ ఉంది. బయటికి మామూలు విలువలా కనిపిస్తుంది, లోపల మాత్రం మెథడ్ నడుస్తుంది. ఇవాళ నిడివిని నేరుగా చదివి మార్చగల మామూలు అట్రిబ్యూట్‌గా వదిలెయ్. రేపు ఎవరైనా మైనస్ 5 సెకన్లు ఇస్తున్నారని తెలిస్తే, అప్పుడు ప్రాపర్టీగా మార్చి, విలువ ఇచ్చినప్పుడల్లా నడిచే సెట్టర్‌లో చెక్ పెట్టు. వాడేవాళ్ళ కోడులో ఒక్క అక్షరం కూడా మారదు.

అలా మార్చేటప్పుడు చాలామంది ఒకచోట జారతారు. సెట్టర్ లోపల మళ్ళీ ‘సెల్ఫ్ డాట్ నిడివి’కే (సెల్ఫ్ అంటే ఆ పాటే) విలువ ఇస్తారు. అది మళ్ళీ అదే సెట్టర్‌ను పిలుస్తుంది, అలా తనను తానే ఆగకుండా పిలుచుకుని చివరికి రికర్షన్ ఎర్రర్ వస్తుంది. లోపల దాచుకునే పేరుకు ముందు ఒక అండర్‌స్కోర్ పెట్టు. కొత్త పాటను తయారుచేసే ఇనిట్‌లో మాత్రం అండర్‌స్కోర్ లేని పేరుకే విలువ ఇవ్వు. అప్పుడు పాట తయారయ్యేటప్పుడే చెక్ జరుగుతుంది, తప్పుడు నిడివి లోపలికి రాదు.

నిమిషాలను విడిగా దాచకు. సెకన్ల నుంచి లెక్కగట్టి ఇచ్చే ప్రాపర్టీ చాలు, దానికి సెట్టర్ కూడా వద్దు. రెండుచోట్ల దాస్తే ఏదో ఒకరోజు ఒకటి మారి రెండోది మారదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఒకప్పుడు నేను ప్రాపర్టీ లోపల డేటాబేస్ క్వెరీ పెట్టాను. నాతో పనిచేసే అమ్మాయి దాన్ని పెద్ద లూప్‌లో వాడింది, ప్రోగ్రామ్ నత్తనడక పట్టింది. తప్పు ఆమెది కాదు. చుక్క పెట్టి పేరు రాస్తే విలువ చేతికి అందినట్టే అనుకుంటాం. బ్రాకెట్లు కనిపిస్తే, లోపల ఏదో పని జరుగుతోందని ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. డిస్కు, నెట్‌వర్క్, డేటాబేస్ జోలికి వెళ్ళేదేదైనా మెథడ్‌గానే ఉంచు.

ఇక నువ్వడిగిన బగ్. ‘ట్యాగులు’ అనే ఖాళీ లిస్టును ఇనిట్‌లో కాకుండా నేరుగా క్లాసులో రాశావు. అంటే పాటలన్నిటికీ కలిపి ఒకటే లిస్టు. ఒకదానికి ‘జోల’ అని చేర్చగానే అన్నీ జోలపాటలైపోయింది అందుకే. ఆ లైన్ ఇనిట్‌లోకి మార్చి, సెల్ఫ్ తగిలించి, ఆ ఆరు మెథడ్లూ తీసేసి పంపు. వెంటనే చూస్తాను.

మీ అన్నయ్య