కొడుకు రేసింగ్ సీటు కోసం ఇల్లు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాను. నెలకు 1.6 లక్షలు చేతికి వస్తాయి. మా అబ్బాయికి 22 ఏళ్లు, మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. రెండేళ్లుగా జాతీయ ఛాంపియన్‌షిప్‌లో టూరింగ్ కార్ల (మామూలు రోడ్డు కార్లను రేసుకు మార్చినవి) విభాగంలో రేసులు నడుపుతున్నాడు. ఇప్పటికి 22 లక్షలు ఖర్చయింది. మూడుసార్లు పోడియం ఎక్కాడు, అంటే మొదటి మూడు స్థానాల్లో నిలిచాడు. బ్రిటన్‌లో మినీ కార్ల సిరీస్‌లో పాల్గొనే ఒక జట్టు వచ్చే సీజన్‌కు సీటు ఇస్తామంటోంది. 75 లక్షలు కట్టాలి, అందులో ఐదో వంతు ఈ నెలాఖరులోగా పంపాలి. అక్కడి నుంచి బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లాలని వాడి కల. మాకు అప్పు తీరిన సొంత ఇల్లు, నా పీఎఫ్‌లో 40 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 28 లక్షలు ఉన్నాయి. షాద్‌నగర్ దగ్గర నా భార్య పేరున 300 గజాల ప్లాటు ఉంది. ఆవిడ టీచరు. 2009లో 6 లక్షలకు కొన్నది, ఇప్పుడు 45 లక్షలు పలుకుతోంది. అమ్మాయి బీటెక్ మూడో ఏడు చదువుతోంది. ఇల్లు తాకట్టు పెట్టి అబ్బాయిని పంపవచ్చా? ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కుదరదేమోనని భయంగా ఉంది. - ఒక తండ్రి, కొంపల్లి

జవాబు: ఇల్లు తాకట్టు పెట్టవద్దు. నెలాఖరుకు అడ్వాన్సు కూడా పంపవద్దు. అలాగని అబ్బాయిని రేసులు మానేయమని చెప్పబోవడం లేదు. మూడు పోడియంలు ఊరికే రావు.

ముందు అప్పు సంగతి చూద్దాం. ఉద్యోగులకు ఇంటి మీద ఇచ్చే అప్పును బ్యాంకులు సాధారణంగా రిటైర్మెంటు నాటికి తీరిపోయేలా చూసుకుంటాయి. 60 ఏళ్లకు మీ రిటైర్మెంటు అనుకుంటే మిగిలింది ఆరేళ్లు. పది శాతం వడ్డీ వేసుకున్నా 75 లక్షలకు నెల వాయిదా దాదాపు 1,39,000. మిగిలిన 21 వేలలో ఇల్లు గడవాలి, అమ్మాయి ఫీజు కట్టాలి. ఆరేళ్లలో మీరు కట్టేది కోటి రూపాయలు. ఇంతా చేసి కొన్నది ఒకే ఒక్క సీజన్. అది ముగిశాక అదే జట్టు మరుసటి ఏడాదికి మళ్లీ ధర చెబుతుంది. అప్పటికి మీకు ఇంకా ఐదేళ్ల వాయిదాలు మిగిలే ఉంటాయి.

జట్టు 'సీటు ఇస్తామంటోంది' అని రాశారు. నేను ఆగిపోయింది ఆ మాట దగ్గరే. ఇవ్వడం లేదండీ, అమ్ముతోంది. ఈ వృత్తిలో డ్రైవరు చాలా ఏళ్లపాటు జట్టుకు ఉద్యోగి కాదు, ఖాతాదారు. మీ అబ్బాయి కలలు కంటున్న బ్రిటిష్ టూరింగ్ కార్ల రేసుల్లో కూడా జీతం తీసుకునేవారు కొద్దిమందే. మిగిలినవారు స్పాన్సర్లనో, కుటుంబ సొమ్మునో వెంటబెట్టుకుని వచ్చినవారు. అక్కడ మ్యాట్ నీల్ కథ తరచూ చెబుతారు. కార్ల కంపెనీల అండ లేని ప్రైవేటు డ్రైవరు ఎవరైనా అందరినీ దాటి రేసు గెలిస్తే 2,50,000 పౌండ్లు ఇస్తామని నిర్వాహకులు ప్రకటించారు. 1999లో డోనింగ్టన్ పార్క్‌లో నీల్ గెలిచి ఆ సొమ్ము అందుకున్నాడు. వినడానికి బాగుంటుంది. అయితే ఆయన తండ్రికి అలాయ్ చక్రాల తయారీ వ్యాపారం ఉంది, సొంత జట్టూ ఉంది. ఆ బహుమతి రాకపోయినా వారి ఇల్లు వేలానికి వచ్చేది కాదు.

ధరలో ఏముంది, ఏం లేదు అన్నది ఇంకో సంగతి. కొన్నేళ్ల క్రితం నా క్లయింటు ఒకాయనతో చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్ దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లాను. ఆయన కొడుకూ టూరింగ్ కార్లే నడిపేవాడు. ఈ రేసుల్లో కార్లు తలుపులు రాసుకుంటూ వెళతాయి, వెనుకవాడు బంపరుతో చిన్నగా తోయడం మామూలే. గ్యాలరీలో జనం ఈలలు వేస్తుంటే, ఆయన మాత్రం జేబులోంచి చిన్న డైరీ తీసి అంకెలు వేసుకుంటున్నారు. కారు పిట్‌లోకి వచ్చింది. ముందు బంపరు టేపుతో వేలాడుతోంది, ఎడమ తలుపు లోపలికి పోయింది. మెకానిక్ నోరు విప్పకముందే ఆయన ఒక అంకె రాసి నాకు చూపించారు. సాయంత్రం వచ్చిన బిల్లు దానికి రెండు వేలు అటూ ఇటూ. రేసింగ్ మీద నాకున్న జ్ఞానంలో సగం ఆ డైరీ పెట్టిందే.

కాబట్టి జట్టును రాతపూర్వకంగా అడగండి. కారుకు దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, ఎంత వరకు? 75 లక్షల్లో ఎన్ని సెట్ల టైర్లు, ఎన్ని ప్రాక్టీసు రోజులు ఉన్నాయి? బ్రిటన్‌లో 20 శాతం వ్యాట్ ఉంటుంది, అది ఆ ధరలో కలిసి ఉందా, దాని పైనా? సీజన్ మధ్యలో అబ్బాయికి గాయమైతే మిగిలిన సొమ్ము వెనక్కి ఇస్తారా? వీటికి జవాబు చెప్పకుండా నెలాఖరు గడువును మాత్రమే గుర్తు చేసే జట్టయితే, ఆ సీటు పోయినా విచారించనక్కర లేదు.

ఇక్కడి నుంచి డబ్బు పంపేటప్పుడు మరో దెబ్బ ఉంది. విదేశాలకు ఒక ఆర్థిక సంవత్సరంలో పంపే సొమ్ము 10 లక్షలు దాటితే, చదువు, వైద్యం కాని అవసరాలకు ఆ పైమొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టే పన్ను) వసూలు చేస్తుంది. 75 లక్షలూ మీ పేరు మీదే పంపితే 13 లక్షలు అదనంగా చేతిలో ఉండాలి. అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే తిరిగి వస్తుంది. కానీ వచ్చేలోగా నెలలు గడుస్తాయి. 'శిక్షణ' అని రాసి చదువు పద్దులో పంపమని ఎవరైనా చెబితే వినకండి.

బీమా గురించి మీరు అడగలేదు. ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా పాలసీ తీసి మినహాయింపుల పేజీ చూడండి. ప్రమాదకర, సాహస క్రీడలు అనే అంశం ఒకటి ఉంటుంది. వృత్తిగా ఆడేవారికి తగిలిన దెబ్బల చికిత్సకు డబ్బు ఇవ్వబోమని, పర్వతారోహణ, స్కూబా డైవింగ్‌లతో పాటు మోటార్ రేసింగ్ పేరు కూడా పెట్టి మరీ రాసి ఉంటుంది. టర్మ్ పాలసీ తీసుకుంటే దరఖాస్తులో రేసింగ్ సంగతి దాచకుండా రాయించండి. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి. రేసింగ్‌కు వర్తించే ప్రమాద బీమా చేతికి రాకుండా వచ్చే సీజన్‌లో కారు ఎక్కనివ్వవద్దు, అది చెన్నై అయినా, బ్రిటన్ అయినా.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వస్తాను. ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ కాదన్నది ఒంటిసీటు ఫార్ములా కార్ల విషయంలో కొంత నిజం. అక్కడ పసివయసులోనే కార్టింగ్ మొదలుపెట్టాలి, ఇరవైలు దాటేలోగా తేలిపోతుంది. టూరింగ్ కార్లది వేరే లోకం. ఇటలీకి చెందిన గాబ్రియేలే టార్క్వినీ 1962లో పుట్టాడు. 1994లో బ్రిటిష్ టైటిల్, 2009లో ప్రపంచ టూరింగ్ కార్ల టైటిల్ గెలిచాడు. 2018లో 56 ఏళ్ల వయసులో ప్రపంచ టూరింగ్ కార్ కప్ కూడా ఎత్తాడు. మీకంటే రెండేళ్లు పెద్ద! బ్రిటన్ ఛాంపియన్‌షిప్‌లో 97 రేసులు గెలిచిన జేసన్ ప్లేటో 2022లో తప్పుకున్నాడు, అప్పటికి ఆయనకు 55 నిండబోతున్నాయి. మీ అబ్బాయికి 22. గడువు ఉన్నది జట్టు బిల్లుకే, వాడి వయసుకు కాదు.

అందుకని నేను చెప్పే దారి నిదానమైనది. వాడు ముందు ఉద్యోగం చూసుకోవాలి. మెకానికల్ చదివాడు కదా. ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉన్న చోటే హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉంది, పక్కనే ఒరగడంలో వాహనాల పరీక్షా కేంద్రం ఉంది. ఆ చుట్టుపక్కల కార్ల పరిశ్రమే ఉంది. వారమంతా అక్కడ పని, రేసు ఉన్న శని ఆదివారాల్లో ట్రాక్. కారు ఎలా పని చేస్తుందో ఇంజనీరుకు అర్థమయ్యేలా చెప్పగల డ్రైవరుకు రేపు టెస్టింగ్‌లోనూ, కొత్తవారికి నేర్పే కోచింగ్‌లోనూ సంపాదన దొరుకుతుంది. రేసుల బహుమతుల కంటే ఆ ఆదాయమే నమ్మకమైనది.

కుటుంబం పెట్టే సొమ్ముకు హద్దు గీయండి. పీఎఫ్, మ్యూచువల్ ఫండ్లు మీ ఇద్దరి ముసలితనానికీ అమ్మాయి చదువుకూ సంబంధించినవి, వాటిని లెక్కలోకి తేవద్దు. మిగిలింది ప్లాటు. అమ్మితే, 2024 జూలై 23కు ముందు కొన్నది కనుక, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కిస్తే) 20 శాతం, అది లేకుండా 12.5 శాతం, ఏది తక్కువైతే ఆ పన్ను. మీ అంకెలకు 12.5 శాతమే తక్కువ, సెస్సుతో కలిపి 5 లక్షల పైచిలుకు. మిగిలిన 40 లక్షల్లో సగం అమ్మాయి పేరున వేయండి. మిగతా 20 లక్షలు అబ్బాయి వాటా. మీ లెక్క ప్రకారమే దేశంలో ఒక సీజన్‌కు 11 లక్షలు అవుతోంది కనుక, ఇంకో సీజన్, బ్రిటన్‌లో కొద్ది రోజుల టెస్టింగ్ ఇందులో సర్దుకోవచ్చు. తిరిగి రాని డబ్బు అని ఇంట్లో నలుగురి ముందూ చెప్పి ఇవ్వండి. ఆ తరువాత అడగకూడదు, మీరూ ఇవ్వకూడదు.

ఆ పైన కావలసింది స్పాన్సర్లే. ఆ తలుపులు వాడే తట్టాలి. ప్లేటో కూడా 1997లో రెనో సీటు కోసం ఆ జట్టును నడిపే ఫ్రాంక్ విలియమ్స్ ఆఫీసు బయట కాపు కాసినవాడే. స్పాన్సర్ ఇచ్చింది చందా కాదు, ఆదాయం. బిల్లు ఇవ్వాలి, దాని మీద పన్ను ఉంటుంది. రేసింగ్‌ను వృత్తిగా చూపించి ఖాతాలు రాసుకుంటే టైర్ల నుంచి ప్రవేశ రుసుము దాకా ఖర్చులను అందులోంచి తీసివేయవచ్చు. గడువులోగా రిటర్ను వేస్తే నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకుపోవచ్చు. దీనికి ఈ ఏడాదే ఒక ఆడిటరును పెట్టుకోండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ శ్రీమతి గారు ఏమంటున్నారో అందులో ఒక్క మాట లేదు. నేను చెప్పిన ఏర్పాటంతా నిలబడింది ఆవిడ పేరున ఉన్న ప్లాటు మీద. అమ్మనంటే ఆ 20 లక్షలు కూడా లేనట్టే, వాడు ఉద్యోగం డబ్బుతోనే రేసు చేయాలి. జట్టుకు ఉత్తరం రాసే ముందు ఆవిడను అడగండి.