వరద సహాయంలో బాధ్యత చేతికొచ్చాక ఉన్న ఉద్యోగం మానేయవచ్చా?

వరద బాధితుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఊరికే సాయానికి వెళ్లి, అనుకోకుండా ఒక శిబిరం బాధ్యత నెత్తిన పడి, మనుషుల్ని కూడగట్టి పని నడిపించడమే మీరు చేయవలసిన పని అని బలంగా అనిపించిందని మీరు రాశారు. అలా అనిపించడాన్ని నమ్మవచ్చా అని, నమ్మి ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవచ్చా అని అడిగారు. నేనూ ఆ దారినే వచ్చినదాన్ని. చాలా ఏళ్లు ఒక కంపెనీలో ఖాతాలు చూసి, ఒక వరద తరువాత ఇటు మళ్లి, ఇప్పుడు ఒక చిన్న సంస్థను నడుపుతున్నాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు శిబిరం నడుస్తున్నంత కాలం దొరకదని నా అభిప్రాయం. అది శిబిరం మూసేశాక వచ్చే నెలల్లోనే తేలుతుంది.

ముందుగా, ఆ బాధ్యత మన చేతికి ఎలా వస్తుందో చూడాలి. ఆపద వేళ ఎవరూ దరఖాస్తులు పిలిచి నాయకుణ్ణి ఎంపిక చేయరు. రెండో రోజుకి ఎవరు మిగిలారో, ఎవరి దగ్గర సమాచారం ఉందో వారినే అందరూ అడగడం మొదలుపెడతారు. నా విషయంలో అది సరుకుల పుస్తకం వల్ల జరిగింది. ఏ లారీలో ఏమి వచ్చింది, ఎవరు పంపారు, ఏ గదికి ఎంత ఇచ్చాము, ఎంత మిగిలింది అని గీతలు గీసి రాసుకోవడం నా వృత్తి అలవాటు. సాయంత్రమయ్యేసరికి దుప్పట్లు ఎన్ని ఉన్నాయో ఖచ్చితంగా చెప్పగలిగినది నేనొక్కదాన్నే కావడంతో, వాటిని ముందు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న కూడా నా దగ్గరికే వచ్చింది. గొంతు పెద్దదైనవారు, అనుభవం ఉన్నవారు అక్కడ ఇంకా చాలామంది ఉన్నారు. పుస్తకం నా చేతిలో ఉండడంతో నిర్ణయం కూడా నా చేతికి వచ్చింది, అంతే. కాబట్టి బాధ్యత మీకు దక్కిందన్న సంగతిని మీలో నాయకత్వ లక్షణాలు ఉన్నాయనడానికి రుజువుగా తీసుకోకండి. బాధ్యత వచ్చాక ఏ పని చేస్తున్నప్పుడు మీకు విసుగు పుట్టలేదో, అది చూసుకోండి.

నాకు ఆ సంగతి నీళ్ల దగ్గర తెలిసింది. సహాయ శిబిరాలకు స్ఫియర్ అనే కనీస ప్రమాణాలు ఉన్నాయని మీకు ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. స్వచ్ఛంద సంస్థలు, రెడ్ క్రాస్ ఉద్యమం కలిసి 1997లో మొదలుపెట్టిన ప్రయత్నం అది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, ఒక కుళాయికి 250 మందికి మించకూడదు, తొలి రోజుల్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, తరువాత 20 మందికి ఒకటి, మగవారికి ఒకటి కడితే ఆడవారికి మూడు, ఇలా లెక్కలు ఉంటాయి. మేము ఒక పాఠశాల భవనంలో నడిపిన శిబిరంలో ఈ లెక్కలు కాగితం మీద రాసి గోడకు అంటించారు. ఆ లెక్క ప్రకారం మాకు నీళ్లకు లోటు లేదు. అయితే ఆడవాళ్ల గదుల వైపు పెట్టిన తాగునీటి డ్రమ్ములు సాయంత్రానికి కూడా సగానికి పైగా నిండి ఉండడం సరుకుల పుస్తకం రాసే నాకు వింతగా తోచింది. ఒక పెద్దావిడ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగితే, "తాగితే రాత్రి లేవాలి కదమ్మా, ఆ చీకట్లో అంత దూరం ఎవరు పోతారు?" అన్నది. మరుగుదొడ్లు ఆవరణకు అవతలి కొసన ఉన్నాయి. దీపం లేదు. లోపల గడియ కూడా సరిగా పడదు.

భవనం లోపల, ఆడవాళ్ల గదులకు ఆనుకుని, కార్యకర్తలు వాడుకుంటున్న మరుగుదొడ్లు ఉన్నాయి. వాటిని ఆ రాత్రి నుంచే ఆడవాళ్లకు ఇచ్చేసి, మేమందరం అవతలి కొసకు వెళ్లాలని చెప్పాను. సణిగినవారు ఉన్నారు. రాత్రంతా మెలకువగా ఉండి పనిచేసే మాకు ఈ మాత్రం సౌకర్యం కూడా వద్దా అని ఒకాయన అలిగి వెళ్లిపోయారు. ఆయన అన్నదానిలో అన్యాయం ఏమీ లేదు, నిజానికి ఆయన మా అందరికన్నా ఎక్కువ శ్రమపడ్డారు. అయినా నిర్ణయం మార్చలేదు. మరుసటి రోజు మధ్యాహ్నానికే డ్రమ్ములు ఖాళీ అయి, మళ్లీ నింపవలసి వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్నందుకు నన్ను ఎవరూ మెచ్చుకోలేదు, చాలామందికి అది ఎవరు చేశారో కూడా తెలియదు. కానీ ఒక మనిషిని అడిగి సంగతి తెలుసుకోవడం, ఇద్దరిలో ఒకరికి ఇబ్బంది తప్పనప్పుడు ఎవరికి ఇబ్బంది పెట్టాలో తేల్చడం, ఆ నింద మోయడం నాకు భారంగా అనిపించలేదని ఆ రోజు గమనించాను. కంపెనీలో అన్నేళ్లు పనిచేసినా ఆ సంగతి నాకు తెలిసే అవకాశం రాలేదు.

పలుకుబడి ఉన్నవారి ఒత్తిడి గురించి కూడా మీరు అడిగారు కాబట్టి ఒక్క మాట. తమ వీధివారికి ముందుగా సరుకులు ఇమ్మని వచ్చేవారు ప్రతి శిబిరంలోనూ ఉంటారు. రెడ్ క్రాస్, స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో ప్రకటించిన ప్రవర్తనా నియమావళిలోని పది సూత్రాలలో, సహాయంలో ఎవరు ముందు అన్నది అవసరాన్ని బట్టే నిర్ణయించాలన్నది ఒకటి. దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పంపిణీ బల్ల వెనుక అంటించండి. అప్పుడు కాదనడం మీ సొంత పంతంలా కనిపించదు.

ఇక అసలు విషయం. శిబిరం రోజుల్లో పొద్దున చేసిన పని ఫలితం సాయంత్రానికి కంటికి కనబడుతుంది. అడిగిన ప్రతివారూ సాయం చేస్తారు, సంతకాల కోసం ఎవరూ ఆపరు, నిద్ర లేకపోయినా అలసట తెలియదు. ఆ ఊపులో తీసుకునే జీవిత నిర్ణయాన్ని నేను నమ్మను. నీళ్లు తీసిన తరువాత విరాళాలు తగ్గుతాయి, సాయానికి వచ్చినవారు తమ తమ ఉద్యోగాలకు వెళ్లిపోతారు, పత్రికలు వేరే వార్తకు మళ్లుతాయి. అప్పుడు మిగిలేవి కొట్టుకుపోయిన పత్రాలకు నకళ్లు తీయించడం, పరిహారం దరఖాస్తులు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగడం, బడి మానిన పిల్లల్ని మళ్లీ చేర్పించడం, దాతలకు ఖర్చుల లెక్క చెప్పడం. దుప్పట్లకని ఇచ్చిన డబ్బును, ఎంత అవసరమున్నా, దాత ఒప్పుకోనిదే పిల్లల పుస్తకాలకు వాడకూడదు. ఆ ఒప్పుకోలు కోసం ఉత్తరాలు రాస్తూ కూర్చోవడం కూడా నాయకత్వంలో భాగమే. నా రోజులో ఎక్కువ సమయం దానికే పోతుంది. ఈ పనులు చేస్తూ కూడా ఇందులోనే ఉండాలని మీకు అనిపిస్తే, అప్పుడు ఆ కోరికను నమ్మండి.

ఈ సందర్భంలో నాకు తరచు గుర్తుకొచ్చే మనిషి రెడ్ క్రాస్‌కు మూలపురుషుడైన హెన్రీ డ్యునాంట్. 1859లో తన వ్యాపారం పని మీద ఫ్రాన్స్ చక్రవర్తిని కలవాలని బయలుదేరి, ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర జరిగిన యుద్ధంలో గాయపడి దిక్కులేక పడి ఉన్న వేలాది సైనికులను చూసి, పక్క ఊరి స్త్రీలను కూడగట్టి ఏ పక్షం అని చూడకుండా సేవలు చేయించాడు. ఆ సేవ కొద్ది రోజులదే. ఆయన పేరు నిలిచినది తరువాత చేసిన పని వల్ల. చూసినదంతా 1862లో పుస్తకంగా అచ్చువేయించి, శాంతికాలంలోనే శిక్షణ పొంది సిద్ధంగా ఉండే స్వచ్ఛంద సంఘాలు కావాలని వాదించి, 1863లో జెనీవాలో, తరువాత రెడ్ క్రాస్‌గా పేరుపొందిన సంఘం ఏర్పడడానికి, మరుసటి సంవత్సరం యుద్ధంలో గాయపడిన సైనికుల రక్షణ కోసం దేశాలు చేసుకున్న మొదటి జెనీవా ఒప్పందానికి కారకుడయ్యాడు. అయితే ఈలోగా సొంత వ్యాపారం గాలికి పోయి 1867లో దివాలా తీసి, తాను పుట్టించిన సంఘం నుంచే తప్పుకోవలసి వచ్చింది. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిలో సగం ఆయనకు దక్కేనాటికి దశాబ్దాల పేదరికం అనుభవించాడు. సేవను ఎంత గొప్పగా చెప్పుకున్నా ఇంటి ఖర్చులు ఆగవు. మీ రెండవ ప్రశ్నకు ఇది నేరుగా సంబంధించిన విషయం.

కాబట్టి శిబిరం నడుస్తుండగా రాజీనామా ఇవ్వకండి. సెలవు పెట్టండి, అది కుదరకపోతే సాయంత్రాలు, ఆదివారాలు పనిచేయండి. పునరావాసం పనులు మొదలయ్యాక కనీసం ఆరు నెలలు అలా గడిపి చూడండి. ఈ ఆరు నెలల్లో మీ స్థానంలోకి వేరొకరు వచ్చేలా పనిని పంచండి. కాలిఫోర్నియాలో 1970లో వచ్చిన కార్చిచ్చుల అనుభవంతో రూపొందిన అత్యవసర నిర్వహణ పద్ధతి ప్రకారం ఒక పర్యవేక్షకుడి కింద ముగ్గురి నుంచి ఏడుగురు దాకా ఉండవచ్చు, అయిదుగురైతే మంచిది. అందరూ మీకే ఫోన్ చేస్తున్నారంటే ఆ గీత ఎప్పుడో దాటిపోయింది. మీరు లేని రోజున మరొకరు మీకన్నా మంచి నిర్ణయం తీసుకున్నారని విన్నప్పుడు మీ మనసు ఎలా ఉంటుందో చూసుకోండి. తేలిక పడితే మంచిది. చిన్నబుచ్చుకుంటే, మీకు నచ్చినది ఆ పనో, దానివల్ల వచ్చిన ప్రాధాన్యమో నిదానంగా ఆలోచించవలసి ఉంటుంది. నాయకత్వానికి పూర్తి సమయం ఉద్యోగమే అక్కరలేదని కూడా చెప్పాలి. ఉద్యోగం చేసుకుంటూనే సంస్థ పాలకవర్గంలో ఉండి దారి చూపేవారు చాలామంది ఉన్నారు, లెక్కలు, చట్టం తెలిసినవారి కోసం చిన్న సంస్థలు ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాయి.

అన్నీ చూసుకున్నాక కూడా పూర్తిగా వెళ్లాలనిపిస్తే, జీతం మాట్లాడేముందు ఆ జీతం ఏ నిధి నుంచి వస్తుందో అడగండి. మన రంగంలో చాలా ఉద్యోగాలు ఒక్కో పథకం నిధులకు ముడిపడి ఉంటాయి; ఆ పథకం ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. కొత్త విరాళాలు రాకపోయినా సంస్థ ఎన్ని నెలలు నడవగలదో అడగండి. గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు చూపించమనండి. చూపించడానికి తటపటాయిస్తే, అక్కడ కార్యకర్తగా సాయం చేయండి గాని, ఉద్యోగానికి మాత్రం ఒప్పుకోకండి.