మంత్రిని ‘నిలదీశారు’ అనవచ్చునా?

సందేహం: నేను విదేశీ వార్తలను తెలుగు చేసే పనిలో ఉన్నాను. బ్రిటన్ పార్లమెంటులో ఒకరు బీబీసీ లైసెన్సు రుసుము (టీవీ చూడడానికి అక్కడివారు కట్టేది) గురించి సంబంధిత మంత్రికి లిఖితపూర్వక ప్రశ్న పంపిన వార్తను ‘లైసెన్సు రుసుముపై సాంస్కృతిక, ప్రసార మాధ్యమాలు, క్రీడా రాష్ట్ర కార్యదర్శిని నిలదీసిన శాసనసభ్యురాలు’ అని రాశాను. ‘నిలదీసిన’ అన్న మాట ఇక్కడ అతకలేదని ఒక మిత్రుడు అన్నాడు. అది ఉంటేనే వాక్యానికి బలమని మా సంపాదకుల అభిప్రాయం. ఎవరి మాట సరైనది? ఈ వాక్యంలో ఇంకేమైనా దోషాలున్నాయా?

సమాధానం: మీ మిత్రుడి మాటే సరైనది. నిలదీయడంలో నిలబెట్టడం ఉన్నది. తప్పించుకొని పోబోయేవాడిని ఆపి, ఎదుట నిలబెట్టి, జవాబు చెప్పేదాకా కదలనివ్వకపోవడం ఆ మాటకు ప్రాణం. అప్పు ఎగవేసినవాడిని అప్పిచ్చినవాడు నడిబజారులో నిలదీస్తాడు. మాట తప్పిన అల్లుడిని అత్తవారు నిలదీస్తారు. అంటే నిలదీయడానికి ఇద్దరు ఎదురెదురుగా ఉండాలి, అందులో ఒకరు తప్పు చేశారన్న ఆరోపణ కూడా ఉండాలి. లిఖితపూర్వక ప్రశ్నలో ఈ రెండూ లేవు. సభ్యురాలు ప్రశ్నను రాసి పార్లమెంటు కార్యాలయానికి పంపుతారు, జవాబును శాఖ అధికారులు సిద్ధం చేస్తారు, అది మంత్రి పేరిట అచ్చవుతుంది. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడవలసిన పని కూడా లేదు. అలాంటి చోట ‘నిలదీశారు’ అంటే జరగని జగడాన్ని జరిగినట్లు రాయడమే అవుతుంది.

‘ప్రశ్నించారు’ అంటే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. సంస్కృత పదమైన ‘ప్రశ్న’కు ‘ఇంచు’ చేరి ఏర్పడిన ఈ క్రియకు మొదట ఉన్న అర్థం అడగడమే. అయితే కొంతకాలంగా ‘ప్రశ్నించే గొంతు’, ‘అధికారాన్ని ప్రశ్నించడం’ వంటి వాడుకల వల్ల దానికి ధిక్కారపు ఛాయ అంటుకున్నది. పోలీసులు అనుమానితుడిని ‘ప్రశ్నిస్తున్నారు’ అన్న వార్తలు చదివి చదివి మన చెవికి అందులో ఠాణా వాసన కూడా తగులుతున్నది. కనుక ‘ప్రశ్నించారు’ అన్నది తప్పు కాకపోయినా, వివరం తెలుసుకోవడానికి వేసిన ప్రశ్నకు ‘అడిగారు’ అన్న చిన్న మాటే నికరమైనది. ఇక ‘ప్రశ్నను సంధించారు’, ‘ప్రశ్నల వర్షం కురిపించారు’ అనే మాటలను, విల్లూ మేఘమూ నిజంగా అవసరమైన సందర్భాలకు దాచిపెట్టుకోవడం మంచిది.

ఇక్కడే విభక్తి విషయం ఒకటి చెప్పాలి. ‘అడుగు’ ధాతువుకు ద్వితీయ రావాలి: మంత్రిని అడిగారు. ‘వేయు’కు ‘కి’ రావాలి: మంత్రికి ప్రశ్న వేశారు. ఈ రెండింటినీ కలగలిపి ‘మంత్రికి అడిగారు’ అని రాయడం ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నది. ‘నాకు అడిగాడు’ అని ఇంట్లో ఎవరైనా అంటే దిద్దే మనం అచ్చులో దానిని వదిలేస్తున్నాం.

మీ వాక్యంలో అసలైన ప్రమాదం మరొకచోట ఉన్నది. అది ‘రాష్ట్ర కార్యదర్శి’. ఇంగ్లీషులోని ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్’ను మాటకు మాట పెట్టి తిప్పితే వచ్చిన పదబంధం అది. మనకు రాష్ట్రమంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటిది. కార్యదర్శి అంటే సచివాలయంలో దస్త్రాలు చూసే ఐఏఎస్ అధికారి. బ్రిటన్‌లో ఆ పదవిలో ఉండేది మంత్రివర్గంలో స్థానమున్న పూర్తిస్థాయి మంత్రి. 2024 జులైలో ఆ శాఖ బాధ్యతలు చేపట్టిన లీసా నాండీ అలాంటివారే. ఆమెను ‘రాష్ట్ర కార్యదర్శి’ అంటే తెలుగు పాఠకుడు ఆమెను ఉద్యోగిని అనుకుంటాడు. అక్కడే ‘మినిస్టర్ ఆఫ్ స్టేట్’ అనే కింది హోదా కూడా ఒకటి ఉన్నది. దానిని మన ‘సహాయ మంత్రి’తో సరిపెట్టవచ్చు, ‘రాష్ట్ర మంత్రి’ అని మాత్రం అనకూడదు. అలాగే ‘శాసనసభ్యురాలు’ అనగానే మనకు తోచేది అసెంబ్లీ సభ్యురాలు కనుక ‘పార్లమెంటు సభ్యురాలు’ అనడమే తగినది.

శాఖ పేరు సంగతి కొంచెం వివరంగా చూడాలి. ‘సాంస్కృతిక’ అన్నది ‘సంస్కృతి’కి ‘ఇక’ చేరి, మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి ఏర్పడిన విశేషణం. ‘సాంస్కృతిక శాఖ’ అన్నప్పుడు ఆ విశేషణం పక్కనే ఉన్న ‘శాఖ’ను పట్టుకొని హాయిగా నిలుస్తుంది. కానీ ‘సాంస్కృతిక, ప్రసార మాధ్యమాలు, క్రీడా’ అని వరుస పెట్టినప్పుడు మొదటిది విశేషణం, రెండవది ప్రథమా బహువచనం, మూడవది సమాస పూర్వపదం. మూడు ఎద్దులను మూడు దిక్కులకు కట్టి బండి తోలినట్లున్నది. అన్నింటినీ నామవాచకాలుగా ఉంచి చివరిదానికి మాత్రం షష్ఠి చేరిస్తే తెలుగు వాక్యం సాఫీగా నడుస్తుంది: ‘సంస్కృతి, మీడియా, క్రీడల శాఖ’. విడిగా వాడినప్పుడు ‘క్రీడామంత్రి’, ‘క్రీడల మంత్రి’ రెండూ సరైన రూపాలే. మొదటిది సంస్కృత సమాసం, రెండవది తెలుగు షష్ఠి. ‘క్రీడ మంత్రి’ మాత్రం రెండింటికీ చెందదు.

‘ప్రసార మాధ్యమాలు’ బదులు ‘మీడియా’ అన్నాను. పరభాషా పదం మీద మోజుతో చేసిన పని కాదు. ప్రసారం అనగానే రేడియో, టెలివిజన్ తోస్తాయి. ఆ శాఖ పరిధిలోకి వార్తాపత్రికలకు సంబంధించిన విధానం కూడా వస్తుంది. తెలుగు మాటే కావాలనుకుంటే ‘సమాచార మాధ్యమాలు’ అనండి. ‘మీడియాలు’ అని మాత్రం అనవద్దు. లాటిన్‌లో అది అసలే బహువచనం, తెలుగులో ఏకవచనంగానే స్థిరపడింది.

పాత వార్తలను అనువదించేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. ఈ శాఖ 1992లో ‘జాతీయ వారసత్వ శాఖ’గా పుట్టి, 1997లో ఇప్పటి పేరు పొందింది. 2017లో ముందర ‘డిజిటల్’ వచ్చి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఆ బాధ్యత వేరే శాఖకు పోవడంతో ఆ మాటా పోయింది. ఏ సంవత్సరపు వార్తకు ఆ సంవత్సరపు పేరే పెట్టాలి.

మన లోక్‌సభలో మౌఖికంగా జవాబు చెప్పవలసిన ప్రశ్నలకు నక్షత్ర గుర్తు ఉంటుంది. రోజుకు 20 మించని ఆ ప్రశ్నలకు మంత్రి లేచి జవాబిస్తే, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేస్తారు. మంత్రి తడబడితే అక్కడ ‘నిలదీశారు’ అన్న మాటకు చోటు దొరకవచ్చు. బ్రిటన్‌లోనూ ఒక్కొక్క శాఖ వంతు దాదాపు అయిదు వారాలకొకసారి వస్తుంది, ఆ రోజు మంత్రులు సభలోనే జవాబు చెప్పుకోవాలి. అయితే వాళ్ల ప్రశ్నలకు మన ‘నక్షత్ర గుర్తు’ తగిలించకండి. ‘మౌఖిక ప్రశ్న’, ‘లిఖితపూర్వక ప్రశ్న’ అంటే చాలు.

జవాబు వైపు కూడా ఇలాంటి చిక్కే ఉన్నది. ‘మంత్రి వివరణ ఇచ్చారు’ అంటే తెలియనిది తెలిపారని. ‘వివరణ ఇచ్చుకున్నారు’ అంటే, ఆ ఒక్క ‘కొను’ చేరడంతో, తన మీదికి వచ్చిన నిందను తుడుచుకున్నారని. ‘సంజాయిషీ’ అంటే తప్పు దాదాపు రుజువైనట్లే. మీ వార్తకు ‘సమాధానమిచ్చారు’ చాలు.

బ్రిటన్ మ్యూజియాల మీద ప్రశ్న వచ్చినప్పుడల్లా అక్కడి మంత్రులు ఇచ్చే జవాబులో ‘ఆర్మ్స్ లెంగ్త్’ అనే పలుకుబడి ఉంటుంది. దానిని ‘చేయి దూరంలో ఉన్న సంస్థ’ అని రాసినవారిని చూశాను. మన అమరావతి స్తూపపు శిల్పాలున్న బ్రిటిష్ మ్యూజియం సంగతే తీసుకుంటే, అది ప్రభుత్వ ధనం తీసుకుంటుంది కానీ, 1963 నాటి చట్టానికి లోబడి దాని నిర్ణయాలను ధర్మకర్తలు చేస్తారు. కనుక ‘ప్రభుత్వ జోక్యం లేకుండా నడిచే సంస్థ’ అని విప్పి చెప్పాలి. చేయి దూరమంటే మనకు అందేంత దగ్గరని కదా!

మీ వాక్యాన్ని నేనయితే ఇలా రాస్తాను: ‘బీబీసీ లైసెన్సు రుసుము విషయంలో ప్రభుత్వ ఆలోచన ఏమిటో తెలపాలని సంస్కృతి, మీడియా, క్రీడల శాఖ మంత్రిని బ్రిటన్ పార్లమెంటు సభ్యురాలొకరు లిఖితపూర్వకంగా అడిగారు.’ శీర్షికకు ఇది పొడుగయితే ‘లిఖితపూర్వకంగా’ అన్న మాటను వార్తలోకి దించండి. ‘అడిగారు’ను మాత్రం కదపకండి.