మెరిసే ఆకుపచ్చ ఈక, పైన బూడిదరంగు పావురం: రెండూ ఒకటేనా?

మర్రిచెట్టు కింద లోహంలా మెరిసే పొడవాటి ఆకుపచ్చ ఈక దొరికిందని, తల ఎత్తి చూస్తే కొమ్మ మీద మామూలు పావురం కన్నా బాగా పెద్దదైన బూడిదరంగు పక్షి కనిపించిందని, రెండూ ఒక పక్షివే అవుతాయా అని అడిగారు. అవుతాయి. నా లెక్కలో అది గ్రీన్ ఇంపీరియల్ పిజన్. దాని తల, మెడ, పొట్ట లేత బూడిదరంగులో ఉంటాయి, పచ్చదనమంతా వీపు, రెక్కలు, తోక మీదే. కింద నిలబడ్డ మనకు కనిపించేది పొట్ట కాబట్టి మొత్తం బూడిద పక్షే అనిపిస్తుంది.

ముందు ఈక సంగతి. ఎండలో పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో చిక్కటి ఆకుపచ్చ, ఇంకో కోణంలో కంచు ఛాయ, నీడలోకి తెస్తే దాదాపు నలుపు కనిపిస్తాయి. ఆ మెరుపు వెలుతురు ఈకలోని సన్నని పొరల మీద పడి ప్రతిఫలించడం వల్ల వచ్చేది, అందుకే కోణంతో మారుతుంది. రామచిలుక ఈక ఎటు తిప్పినా ఒకేలా పచ్చగా ఉంటుంది. ఎమరాల్డ్ డవ్ అనే పచ్చ రెక్కల గువ్వకీ ఇలాంటి మెరుపే ఉంటుంది కానీ అది 25 సెంటీమీటర్ల చిన్న పక్షి, పచ్చదనం వీపు మీద, రెక్కల పైభాగంలో ఉండే పొట్టి ఈకలదే. మీ ఈక పొడవుగా ఉందన్నారు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు. రక్షిత అడవిలో అయితే ఫోటో తీసుకుని ఈకను అక్కడే వదిలేయండి, పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది.

ఇక పక్షిని చూసేటప్పుడు నేను మొదట చూసేది తోక కింద. గ్రీన్ ఇంపీరియల్‌కి అక్కడ ముదురు ఇటుక రంగు ఉంటుంది, కింది నుంచి కూడా స్పష్టంగా తెలుస్తుంది. దీనితో కలగాపులగం అయ్యేది మౌంటెన్ ఇంపీరియల్ పిజన్. దానికి తోక కింద లేత రంగు, తోక చివర వెడల్పైన లేత పట్టీ ఉంటాయి, వీపు గోధుమరంగు. ఇటుక రంగు కనిపించి, పట్టీ లేకపోతే ఇంక సందేహం అక్కర్లేదు. పసుపు కాళ్ల పచ్చ పావురమేమో అనిపిస్తే కాళ్లు చూడండి, ఇంపీరియల్ కాళ్లు ఎర్రగా ఉంటాయి.

పక్షి వీపు చూడాలంటే వాలు మీదికి ఎక్కండి. లోయలోంచి పెరిగిన చెట్టు తల మన కళ్ల ఎత్తుకు వస్తుంది. నేను అలా నిలబడే దీన్ని దగ్గరగా చూశాను. ఎర్రటి కన్ను, దాని చుట్టూ సన్నని తెల్లని అంచు. కొమ్మ చివరకు సాగి, మెడ చాచి, తన ముక్కు కన్నా లావైన పండును తెంపి ఒక్క గుటకలో మింగేసింది. పండు దిగుతుంటే గొంతు ఉబ్బడం బైనాక్యులర్ లేకుండానే కనిపించింది.

ఈ మింగే అలవాటు గుర్తించడానికి కూడా పనికొస్తుంది. పచ్చ పావురాలు పండులోని గింజల్ని కడుపులో పిండి చేసేస్తాయి. ఇంపీరియల్ పావురాలు గుజ్జు మాత్రం అరిగించుకుని గింజల్ని చెక్కుచెదరకుండా వదిలేస్తాయి. అడవి జాజికాయల వంటి పెద్ద గింజలు చెట్టు కింద శుభ్రంగా పడి ఉంటే వీటి మీద అనుమానం పెట్టుకోవచ్చు. పెద్ద ముక్కుండే హార్న్‌బిల్ పక్షులు కూడా ఇలాగే గింజల్ని కక్కుతాయి, కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చేయకండి.

మళ్లీ వెళ్తే తెల్లవారగానే వెళ్లండి. ఆ వేళకి ఆకుల్లేని ఎత్తైన కొమ్మల మీద ఎండ కాచుకుంటూ చాలాసేపు కదలకుండా కూర్చుంటాయి. తర్వాత ఆకుల గుబురులోకి దూరితే, లోతైన, బరువైన గొంతుతో చేసే శబ్దం తప్ప ఏమీ దొరకదు. నేలకు దిగేది అరుదు, నీళ్ల కోసమో ఉప్పుమట్టి కోసమో తప్ప. ఈసారి తోక కింది భాగం ఫోటో దొరికితే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.