సినిమా ఫైలు 11 ఎంబీయా?

ప్రశ్న: ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ జెనెసిస్ ‘వెన్ ఇన్ రోమ్ 2007’ కచేరీ వీడియో 4కేలో దొరికితే డౌన్‌లోడ్ చేశాను. తెరవబోతే ‘కోడెక్ (వీడియోను విప్పి చూపే సాఫ్ట్‌వేర్) లేదు, యాంటీవైరస్ ఆపి మళ్లీ ప్రయత్నించండి’ అంది. ఆపినా రాలేదు. ఏ ప్లేయర్ వాడాలి?

జవాబు: ప్లేయర్ సంగతి తర్వాత. ముందు ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి.

ఈ మధ్య ఇలాంటి ఉత్తరం ఇది నాలుగోది. సినిమా పేర్లే వేరు. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఫైలు సైజు 11 ఎంబీ. రెండు గంటలు దాటిన కచేరీ అందులో ఎలా పట్టిందనుకున్నారు? పేరు చివర వీడియో ఫైళ్లకుండే ఎంకేవీ అని ఉన్నా, పక్కనే ‘టైప్’ కింద ‘అప్లికేషన్’ అని ఉంది చూడండి. అసలు తోక ఈఎక్స్‌ఈ, అంటే అది వీడియో కాదు, ప్రోగ్రామ్. విండోస్ మామూలుగా ఆ తోకను చూపించదు. చూడటానికి నీట్‌గా ఉంటుందని దాచారేమో గానీ, దొంగకి ఇంతకంటే మంచి ముసుగు దొరకదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ‘వ్యూ’లోకి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కి టిక్ పెట్టుకోండి.

ఇలాంటి దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు లాగేస్తాయి. నన్ను అంతకంటే భయపెట్టేది కుకీలు, అంటే మీరు లాగిన్ అయ్యారని సైట్ గుర్తుంచుకోడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు. మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్న మెయిల్ కుకీ దొంగ చేతికి చిక్కితే వాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా రాదు. అంటే మీ ఫోన్ చప్పుడు చేయదు. మెయిల్ పోతే దానికి ముడిపడిన ఖాతాలన్నీ వరుసగా పోతాయి. కాబట్టి వేరే ఫోన్ నుంచి ముందు మెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. ‘అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్’ నొక్కడం మరవద్దు. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకుని విండోస్ మళ్లీ వేయించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ 4కే మాట కూడా నమ్మొద్దు. ఈ కచేరీ 1992 తర్వాత గాయకుడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్‌తో జెనెసిస్ చేసిన మొదటి టూర్‌లోది. 2007 జులై 14న రోమ్‌లోని చిర్కో మాస్సిమో మైదానంలో, దాదాపు 5 లక్షల మంది ముందు జరిగిన ఉచిత కచేరీని డేవిడ్ మాలెట్ దర్శకత్వంలో తీశారు. 2008లో వచ్చింది డీవీడీగా. డీవీడీలో నిలువునా ఉండేది 480 లేదా 576 గీతలే, 4కేకి 2160 కావాలి. దాన్ని సాగదీసి 4కే అంటే పలచటి మజ్జిగని పెరుగన్నట్టే.

డిస్క్ కొనుక్కోండి. ల్యాప్‌టాప్‌ల నుంచి డ్రైవ్ పీకేసి ‘సన్నబడ్డాం’ అని మురిసిపోయే కాలం కదా, యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి విడిగా కావాలి. ప్లేయర్ అంటారా, ఉచితంగా దొరికే వీఎల్‌సీ చాలు, ఏ కోడెక్ ప్యాకూ వద్దు.